బ్లూ టిక్ పడింది, బాపు చదవలేదు

ప్రశ్న: హనుమకొండలో హాస్టల్‌లో ఉండి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది పరకాల దగ్గర ఊరు. బాపు వ్యవసాయం చేస్తాడు, ఏడో తరగతి దాకా చదివాడు. నెల కింద మనసు బాగాలేక వాట్సాప్ స్టేటస్‌లో 'నాకెవరూ లేరు' అని పెట్టాను. మా మామ అది బాపుకు చూపించాడు. బాపు ఫోన్ చేసి, రూమ్మేట్లు వింటుండగానే గట్టిగా తిట్టాడు. నేను ఫోన్ కట్ చేశాను. అప్పటి నుంచి మాటల్లేవు. మూడుసార్లు సారీ చెబుతూ మెసేజ్ పెట్టాను. బ్లూ టిక్స్ పడ్డాయి, జవాబు లేదు. మొన్న పత్తి అమ్మడానికి ఏనుమాముల మార్కెట్‌కు వచ్చి కూడా నన్ను చూడకుండానే పోయాడు. ఏదున్నా అమ్మతోనే చెప్పిస్తున్నాం. ఫ్రెండ్స్‌తో రాత్రి ఒంటిగంట దాకా చాటింగ్ చేస్తాను గానీ ఎదురుగా కూర్చుంటే మాట రాదు. ప్లేస్‌మెంట్స్‌లో గ్రూప్ డిస్కషన్ అంటేనే టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, ఉత్తరంతో పాటు ఆ మూడు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్ కూడా పంపి మంచి పని చేశావు. అసలు సంగతి అందులోనే ఉంది. మూడూ తెలుగు మాటలే, కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేశావు. ఏడో తరగతి దాకా ఊరి బడిలో చదివిన మనిషి తెలుగు పేపర్ చదువుతారు, బస్సు బోర్డు చదువుతారు. ఇంగ్లిష్ అక్షరాల తెలుగును కూడబలుక్కోవడం మాత్రం కష్టమే. మెసేజ్ తెరిస్తే చాలు, టిక్కులు నీలంగా మారతాయి. అర్థమైందో లేదో అవి చెప్పవు. పోనీ, చదివి పెట్టమని ఎవరినడగాలి? మళ్లీ ఆ మామనేనా? కొడుకు తనకేం రాశాడో ఇంకొకరితో చదివించుకోవాలంటే తండ్రికి నామోషీగా ఉండదా? ఇది నా ఊహే, తప్పు కావచ్చు. కానీ 'బాపుకు నేను అక్కర్లేదు' అనే నీ ఊహ కంటే ఇదే నిజానికి దగ్గరని నాకనిపిస్తోంది.

ఇక ఆ తిట్లు. స్టేటస్ నువ్వు ఫ్రెండ్స్ కోసం పెట్టావు. వాళ్లకది మామూలే; ఒకడు ఏడుపు ఎమోజీ పెడతాడు, ఇంకొకడు 'ఏమైందిరా' అంటాడు, 24 గంటలు గడిస్తే అదే మాయమవుతుంది. ఊళ్లో ఆ మూడు ముక్కలూ వేరేగా వినిపిస్తాయి. రాత్రి అన్నం ముందు టీవీ పెడితే ఏం చూపిస్తున్నారు? బెట్టింగ్ యాప్‌లలో డబ్బు పోగొట్టుకున్న పిల్లలు, లోన్ యాప్ వాళ్ల వేధింపులు, హాస్టల్ గదిలో ప్రాణం తీసుకున్న విద్యార్థి. అవన్నీ చూసి ఉన్న మనిషికి బావమరిది ఫోన్‌లో కొడుకు 'నాకెవరూ లేరు' అంటూ కనిపించాడు. ఆ భయమే తిట్టుగా బయటికొచ్చింది. మన ఇళ్లలో మగవాళ్లు 'భయపడ్డాను' అని ఎప్పుడన్నారు గనక! అలాగని నలుగురి ముందు తిట్టడం సరైందని నేననను. నీకు అవమానమైంది. ఆ మాటా ఆయనతో చెప్పు, కాకపోతే మొదటి మాటగా వద్దు.

మామకు స్టేటస్ కనపడకుండా సెట్టింగ్ మార్చుకోవచ్చు. ఇప్పుడే ఆ పని చేయకు. ఏదో దాస్తున్నావని ఇంకో పుకారు లేస్తుంది.

అమ్మను మధ్యలోంచి తప్పించు. ఆమె నీ మాటకు కాస్త తీపి కలిపి అక్కడ చెబుతుంది, ఆయన మాటలోంచి కారం తీసి నీకు చెబుతుంది. చివరికి ఎవరు ఏమన్నారో ఇద్దరికీ తెలియదు.

మా రోజుల్లో ఎస్‌టీడీ బూత్‌లో మీటర్ చూసుకుంటూ మాట్లాడేవాళ్లం. అప్పుడు గొప్పగా మాట్లాడుకున్నామని చెప్పను. 'తిన్నవా, పైసలున్నయా' దాటి మా నాన్న కూడా ఏమీ అడిగేవారు కాదు. అది ఫోన్ జబ్బు కాదు, మన తండ్రులందరిదీ. ఎదురెదురుగా కూర్చోబెడితే మాట్లాడరు. చేతికి పని ఉంటే మాట్లాడతారు. ఇప్పుడు పత్తి ఏరే రోజులే కదా. శనివారం పరకాల బస్సెక్కి వెళ్లు. ఒడి కట్టుకుని ఆయన పక్క సాలులో ఏరు. సారీతో మొదలుపెట్టకు. మార్కెట్‌లో కింటాల్ ఎంత పలికిందో, తేమ ఉందని ఎంత కోశారో అడుగు. అక్కడి నుంచి మాట దానంతటదే నీ మీదికొస్తుంది. అప్పుడు ఆ స్టేటస్ ఎందుకు పెట్టావో చెప్పు. నాకైతే రాయలేదు, ఆయనకు మాత్రం దాచకు.

ఒకవేళ ఆ ఒంటరితనం ఇంకా అలాగే ఉంటే, నిద్ర పట్టకపోతే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. రాత్రి ఒంటిగంటకైనా చేయొచ్చు.

గ్రూప్ డిస్కషన్ దీనంత పెద్ద సమస్య కాదు. చాటింగ్‌లో రాసి, కొట్టేసి, మళ్లీ రాసే వీలుంది. నోటిమాటకు ఆ వీలు లేదు, అందుకే భయం. రోజూ మెస్‌లో అన్నం తిన్నాక ఇద్దరు ఫ్రెండ్స్‌ను పట్టుకుని ఒక విషయం మీద రెండు నిమిషాలు మాట్లాడు. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో. నెల రోజులు చేసి నాకు రాయి.

వస్తున్నట్టు అమ్మతో చెప్పించకు. శుక్రవారం మధ్యాహ్నం, ఆయన చేను గట్టు మీద సద్ది విప్పే వేళకు నువ్వే ఫోన్ చెయ్యి. 'బాపూ, రేపు పొద్దటి బస్సుకు వస్తున్న, నాకూ ఒక ఒడి బట్ట చూసిపెట్టు' అను. అవతల నుంచి 'ఊ' అని మాత్రమే వినిపిస్తే కంగారుపడకు.