అమెరికాలో నేర బాధితుల పరిహారం పేదల వాడలకు ఎందుకు సరిగా అందదు?

అందరికీ ఒకే చట్టమైతే తేడా ఎక్కడొస్తుందని అడిగారు. దరఖాస్తు దగ్గరే వస్తుంది. 1965లో కాలిఫోర్నియా మొదలుపెట్టిన ఈ ప్రభుత్వ పరిహారానికి 1984 చట్టంతో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధి తోడైంది. అందులో డబ్బు ఎక్కువగా నేరస్థులు కట్టిన జరిమానాలదే. వైద్యం, అంత్యక్రియల ఖర్చులు, పోయిన జీతం వగైరా ఇస్తారు. కానీ చాలా రాష్ట్రాల్లో రెండు మెలికలున్నాయి: పోలీసులకు సహకరించాలి, జరిగినదాంట్లో బాధితుడి తప్పు ఉండకూడదు.

కాల్పుల్లో కొడుకును పోగొట్టుకున్న తల్లి అంత్యక్రియల బిల్లు పట్టుకెళ్తే, పోలీసు రిపోర్టులో "గొడవలో ఉన్నాడు" అన్న ఒక్క ముక్క చాలు, దరఖాస్తు కొట్టేయడానికి. పోలీసులంటే భయమున్న నల్లజాతి వాడల్లో సహకారమూ అంత తేలిక కాదు. అందుకే సమాజశాస్త్రవేత్తలు నేరాల లెక్కలతో ఆగరు; పరిహారం ఇచ్చే ఆఫీసు ఎవరిని "నిజమైన బాధితుడు" అంటోందో కూడా చూస్తారు. నాకైతే ఆ తల్లికి జరిగేది పచ్చి అన్యాయం. కొన్ని రాష్ట్రాలు ఈమధ్యే ఈ షరతుల్ని సడలిస్తున్నాయి.