నెల జీతాలు వదిలేసి వేసిన షిఫ్టు లెక్క

ప్రశ్న: తిరుపతి అలిపిరి రోడ్డులో రెండు షిఫ్టుల టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. రోజుకూలీ సప్లయర్లు, క్లీనర్లు 9 మంది. నెల జీతగాళ్లు 5 మంది, వాళ్లకు మొత్తం 1,14,000 రూపాయలు. రాత్రి బస్సుల్లో దిగే యాత్రికుల కోసం నైట్ షిఫ్టు పెట్టాలనుకుంటున్నాను. సరుకు, గ్యాస్ పోను 4,500 వస్తుంది. నలుగురు కూలీలకు 2,400 ఇస్తే రోజుకు 2,100 మిగులుతుంది. పోయిన నెల జీతాలకు తెచ్చిన లక్ష డైలీ ఫైనాన్స్ ఇంకా కడుతున్నాను. ఇప్పుడు మరో 3 లక్షలు తీసుకోవచ్చా?

జవాబు: వద్దండి.

హోటళ్లు, లాడ్జీలు నడిపేవాళ్లలో చాలామంది లెక్క ఇలాగే ఉంటుంది. సాయంత్రం గల్లాలోంచి తీసి ఇచ్చే కూలి షిఫ్టు ఖర్చులో పడుతుంది. ఒకటో తారీఖున ఇచ్చే జీతం ఏ షిఫ్టు ఖాతాలోకీ రాదు. అందుకే నెలంతా లాభం కనబడుతుంది, జీతాల రోజు అప్పు పుడుతుంది.

రాత్రి దోసె పెనం దగ్గర నిలబడేది ఎవరు? గల్లా చూసేది ఎవరు? మీ లెక్కలో ఇద్దరూ లేరు. పగటి మాస్టర్‌నే రాత్రీ చేయమంటే మానేస్తాడు, కొత్త మాస్టర్ అడ్వాన్స్ లేనిదే రాడు. మాస్టర్‌కు 26,000, క్యాషియర్‌కు 17,000 అనుకుంటే రోజుకు 1,433. దసరాకు ఒక నెల జీతం బోనస్ ఇస్తే ఆ వాటా 119. సిబ్బంది 10 దాటారు కాబట్టి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా)లో యజమాని వాటా 3.25 శాతం; మాస్టర్ జీతం దాని పరిమితి దాటింది కనుక నలుగురు కూలీలు, క్యాషియర్ మీద లెక్కిస్తే రోజుకు మరో 96. మీ 2,100లో చివరికి మిగిలేది 452. వారపు సెలవులకు బదులు మనిషిని, కరెంటును నేనింకా కలపలేదు. పైగా ఈ ఆరుగురితో మీ సిబ్బంది 20కి చేరుతుంది. పీఎఫ్ చట్టం కిందకు వస్తారు, అర్హులైనవాళ్లకు మీ వాటా 12 శాతం మొదలవుతుంది.

ఇక ఆ అప్పు. లక్ష అని చెప్పి 90,000 చేతిలో పెట్టి, రోజుకు వెయ్యి చొప్పున 100 రోజులు వసూలు చేస్తే ఏడాది వడ్డీ 75 శాతం దాటుతుంది. 3 లక్షలకు రోజూ 3,000 కట్టాలి. 452 కోసం 3,000 కట్టే పని ఎలా ఒప్పుకుంటారు? జీతాలకు ఒకసారి అప్పు తెచ్చాకైనా ఆగాల్సింది.

మీకు ముందు కావాల్సింది జీతాల నిధి. మూడు నెలలకు 3,42,000. 2020 మార్చి 20 నుంచి జూన్ రెండో వారం దాకా కొండమీద భక్తులకు దర్శనాలు ఆగిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కూలీలను రావద్దనవచ్చు, మాస్టర్‌ను అలా పంపితే తిరిగి రాడు. యాత్రికుల మీద బతికే ఊళ్లో ఈ నిధి లేకుండా హోటల్ నడపడం నాకు భయమేస్తుంది. ఇప్పుడు ఫైనాన్స్‌వాళ్లకు కడుతున్న వెయ్యి, ఆ అప్పు తీరిన మర్నాటి నుంచి విడి ఖాతాలో వేయండి. ఏడాదికి 3,65,000 అవుతుంది. సరుకుకు ఆ ఖాతా ముట్టుకోవద్దు.

పాత ఐదుగురి జీతం రోజుకు 3,800, షిఫ్టుకు 1,900. డ్యూటీ చార్టులో కూలీల పేర్ల కిందే ఈ అంకె రాయండి. నైట్ షిఫ్టు మీద దీన్ని పంచనక్కర్లేదు, అది పెట్టినా మానినా ఈ ఖర్చు ఉంటుంది. దానికి కొత్త జీతాలే లెక్క.

బ్యాంకు ముద్రా లోన్ సంగతి నిధి నిండాక చూడండి. ఈలోగా బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో మాత్రం రాత్రి తెరిచి, అమ్మకం, మనుషుల ఖర్చు రెండూ రాసి పెట్టుకోండి.