డాబా ఎక్కితే డౌన్‌లోడ్ ఎందుకు ఆగింది?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపర్ అంటేనే టెన్షన్. నెట్‌వర్క్ పనిని ఏడు అంచెలుగా విడదీసే ఓఎస్ఐ నమూనాలోని లేయర్లన్నీ గడగడా అప్పజెప్పగలను గానీ అవి ఎక్కడ పనిచేస్తాయో తెలియదు. సబ్‌నెట్టింగ్ (నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడదీయడం) లెక్క ఇస్తే చెయ్యి కదలదు. ఇంట్లో వైఫై లేదు, ఫోన్ డేటాయే. అది కూడా గదిలో ఒడిశా టవర్, డాబా ఎక్కితే ఆంధ్రా టవర్. పైకి వెళ్లేసరికి డౌన్‌లోడ్ ఆగిపోతుంది. బరంపురంలో సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష) కోచింగ్‌లో చేరమని స్నేహితులు అంటున్నారు. చేరనా సార్?
- ఒక విద్యార్థిని, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, డౌన్‌లోడ్ సంగతి నువ్వు ఇబ్బందిగా రాశావు. నాకైతే నీ చదువు అక్కడే మొదలవ్వాలనిపించింది. బరంపురంలో ఈ సబ్జెక్టు చెప్పినన్నాళ్లూ గమనించాను. లేయర్ల బొమ్మతో మొదలుపెట్టిన పిల్లలు ఆ బొమ్మ దగ్గరే ఆగిపోతారు. ‘ఇది ఎందుకు ఆగింది?’ అని అడిగినవాళ్లే ముందుకెళ్తారు.

రెండు కంప్యూటర్ల మధ్య డేటాను వరస తప్పకుండా చేర్చే పద్ధతి టీసీపీ. దాని కనెక్షన్‌కు గుర్తు నాలుగు అంకెలు: ఇటు ఐపీ చిరునామా, పోర్టు నంబరు (డేటా ఏ ప్రోగ్రామ్‌దో చెప్పేది), అటు ఐపీ చిరునామా, పోర్టు నంబరు. ఒకే నెట్‌వర్క్‌లో టవర్ మారితే నీ చిరునామా మామూలుగా మారదు, కనెక్షన్ నిలుస్తుంది. ఫోన్ వేరే టెలికాం సర్కిల్ (ఒడిశా ఒకటి, ఆంధ్రా ఇంకొకటి) నెట్‌వర్క్‌లో కొత్తగా చేరి, కొత్త చిరునామా తీసుకుందనుకో. సర్వర్‌కు తెలిసిన నాలుగింటిలో ఒకటి పోయినట్టే, పాత కనెక్షన్ ఇక పనికిరాదు. వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినా ఇదే జరుగుతుంది. టీసీపీ చేసే పనే చేసే, 2021లో ప్రమాణంగా వచ్చిన క్విక్ ప్రోటోకాల్ కనెక్షన్‌కు విడిగా ఒక ఐడీ ఇచ్చింది, అందుకే చిరునామా మారినా అది కొనసాగగలదు. ఐపీ నెట్‌వర్క్ లేయర్‌ది, టీసీపీ ట్రాన్స్‌పోర్ట్ లేయర్‌ది. ఆ రెంటికీ సంబంధమేమిటో ఇప్పుడు నువ్వే చెప్పగలవు కదా?

కంజెషన్ కంట్రోల్ (దారి కిక్కిరిసిపోకుండా చూడటం) కూడా ఇలాగే చదువు. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ నుంచి బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి, అంటే నాలుగు వందల గజాల దూరానికి, డేటా వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. దారి నిండిపోయి ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోతుంటే, కంప్యూటర్లు వాటినే మళ్లీ మళ్లీ పంపి దారిని ఇంకా నింపాయి. దీని మీద పనిచేసిన వాన్ జేకబ్సన్ 1988లో ప్రచురించిన పద్ధతుల్లోదే మీ పుస్తకంలోని స్లో స్టార్ట్, అంటే కొద్దిగా పంపడంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడం. పంపే వేగం చూపే గ్రాఫ్ పైకి లేచి ఎందుకు కిందికి పడుతుందో ఈ సంగతి తెలిశాక బట్టీ పట్టక్కర్లేదు. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే.

ల్యాప్‌టాప్‌కు ఫోన్ హాట్‌స్పాట్ కలిపి వైర్‌షార్క్ తెరువు. వచ్చే పోయే ప్యాకెట్లను చూపించే సాఫ్ట్‌వేర్ అది, ఉచితం. ఒక వెబ్‌సైట్ తెరిచి, టీసీపీ అని ఫిల్టర్ పెట్టు. కనెక్షన్ మొదలయ్యేటప్పుడు ఇటూ అటూ పంపుకునే సిన్, సిన్-ఆక్, ఆక్ వరసగా కనిపిస్తాయి. ఒక ప్యాకెట్ మీద నొక్కితే ఈథర్‌నెట్, ఐపీ, టీసీపీ ఒకదాని కింద ఒకటి విప్పుకుంటాయి. నువ్వు అప్పజెబుతున్న లేయర్లు అవే. నీ సొంత ట్రాఫిక్ మాత్రమే చూడు, ఇంకొకరిది పట్టుకోకు.

సబ్‌నెట్టింగ్‌కు షార్ట్‌కట్లు వదిలెయ్. బైనరీలో చేత్తో రాయి. 192.168.10.77/26 ఇచ్చారనుకో. ఐపీ చిరునామాలో 32 బిట్లు, /26 అంటే మొదటి 26 నెట్‌వర్క్‌వి. 32లో 26 పోతే 6 బిట్లు మిగిలాయి, అంటే 64 చిరునామాలు. మొదటిది నెట్‌వర్క్‌కు, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కు (అందరికీ ఒకేసారి పంపడానికి) పోతే 62 హోస్టులు (పరికరాలు). 77ను బైనరీలో రాస్తే 01001101. మొదటి రెండు బిట్లు ఉంచి మిగతావి సున్నా చేస్తే 64. అదే నీ నెట్‌వర్క్. మిగతావి ఒకట్లు చేస్తే 127, అది బ్రాడ్‌కాస్ట్. రోజుకు రెండు లెక్కలు చాలు. నోట్సు ఒడియాలోనో తెలుగులోనో నీకు వచ్చినట్టు రాసుకో.

కోచింగ్ ఫీజు ఇప్పుడే కట్టకు. తెర మీదే నెట్‌వర్క్ కట్టి చూసుకునే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది. ఐఐటీల పాఠాలు ఎన్‌పీటీఈఎల్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, డేటా మిగిలిన రాత్రి దించుకో, అదీ గదిలో కూర్చుని. నెట్‌వర్క్ ఇంజినీరు ఉద్యోగమే కావాలని గట్టిగా అనుకుంటే సీసీఎన్ఏ ఆఖరి సంవత్సరంలో రాయొచ్చు.