పాతికేళ్లు దాటిన మెరుపు రంగు ఎలక్ట్రిక్ గిటార్ కొనొచ్చా? కొన్నాక ఎలా శుభ్రం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: కొమ్ములు తేలిన, కళ్లు జిగేల్‌మనిపించే గులాబీ రంగు పాత గిటార్ ఒకటి అమ్మకానికి కనిపించింది. తీగలు బాడీ మీద ఆనే చోట ఫ్లాయిడ్ రోజ్ రకం బ్రిడ్జ్ ఉంది. బాడీ నిండా స్టిక్కర్లు, తీగలకు తుప్పు, వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగర. రంగు చూసి మనసు పడ్డారు, తెలిసినవాళ్లేమో పైన పటారం లోన లొటారం అంటున్నారు. కొనాలా వద్దా, కొంటే ఎలా బాగుచేసుకోవాలి?

దాదాపు ఇలాంటిదే నా దగ్గర ఎనిమిదేళ్లుగా ఉంది. అదీ గులాబీ రంగే, దానికీ స్టిక్కర్లే. నా చేత్తో విప్పి, కడిగి, బిగించి ఈ రోజుకీ వాయిస్తున్నాను. కాబట్టి ముందు ఒక మాట. రంగు నచ్చి గిటార్ కొనడంలో తప్పేమీ లేదు. గోడకున్న గిటార్ కంటపడగానే చేతిలోకి తీసుకోవాలనిపిస్తే రోజూ సాధన చేస్తాం. కానీ బేరం కుదుర్చుకునే పది నిమిషాలు మాత్రం ఆ రంగును పక్కనపెట్టండి. గిటార్ బాగోగులు తేల్చేవి నెక్ (తీగలు నొక్కే పొడవాటి మెడ), బ్రిడ్జ్. మిగతావన్నీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఈ రకం గిటార్లు ఎక్కువగా 1980లలో పుట్టాయి. ఫ్లాయిడ్ రోజ్ అనే ఆయన తీగను రెండు కొసలా బిగించిపట్టే బ్రిడ్జ్‌కు 1979లో పేటెంటు పొందాడు. బ్రిడ్జ్‌కు తగిలించిన కడ్డీని, అంటే ఆర్మ్‌ను, ఎంత కిందికి నొక్కి వదిలినా శ్రుతి మళ్లీ చోటికి వచ్చేది. ఆ దశాబ్దంలో వేగంగా వాయించేవాళ్లంతా దాని వెంటపడ్డారు. దానికి తగ్గట్టే రంగులూ రెచ్చిపోయాయి. గిటారిస్టు స్టీవ్ వై కోసం ఐబనెజ్ కంపెనీ 1987లో తెచ్చిన జెమ్ 777 పచ్చ, గులాబీ, పసుపు ఫ్లోరోసెంట్ రంగుల్లో వచ్చింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీరు చూడాల్సిన లోపాలు రెండూ అక్కడి నుంచే వస్తాయి: ఆ బ్రిడ్జ్ అరుగుతుంది, ఆ రంగు వెలుస్తుంది.

చూడటానికి వెళ్లినప్పుడు తలవైపు నుంచి నెక్ అంచు వెంబడి ఒక కన్ను మూసి చూడండి, బాణం సూటిగా ఉందో లేదో చూసినట్టు. కొద్దిపాటి వంపు ఉంటే భయం లేదు, అది ఉండాలి కూడా. ఆరో తీగను (అన్నిటికన్నా లావుది) మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డు లోహపు పట్టీ) దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కిపట్టి ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర సందు చూడండి. పావు మిల్లీమీటరు, అంటే విజిటింగ్ కార్డు మందం ఉంటే చాలు. అంతకు మించి ఉంటే నెక్ లోపలి ట్రస్ రాడ్‌తో సరిచేయవచ్చు, ఆ రాడ్ తిరుగుతూ ఉంటేనే. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే పావు చుట్టు తిప్పి చూడండి. వంపు కాకుండా నెక్ మెలి తిరిగి ఉంటే మాత్రం ఇక బేరమాడకండి.

తర్వాత నెక్ పైకొసన తీగలను బిగించే లాకింగ్ నట్ చూడండి. చాలా గిటార్లలో దాన్ని నెక్ వెనక నుంచి రెండు పొడవాటి స్క్రూలతో బిగిస్తారు. అసలే సన్నగా ఉండే చోట రెండు రంధ్రాలు పడ్డాయన్నమాట. గిటార్ ఎప్పుడైనా పడిపోయి ఉంటే పగులు అక్కడే తేలుతుంది. వెనక స్క్రూ తలల చుట్టూ గోటితో తడమండి. కంటికి కనపడనిది గోటికి తగులుతుంది. నెక్ బాడీలో కూర్చునే మూలల్లో సన్నని గీతలు కనిపిస్తాయి. అవి చాలావరకు పైపూతలో వచ్చినవే, కంగారు పడకండి.

ఫ్రెట్ల మీద సన్న తీగల కింద గుంటలు ఉంటాయి, ముఖ్యంగా మొదటి మూడు నాలుగు ఫ్రెట్ల దగ్గర. లోతు తక్కువైతే రాపిడి పెట్టి చదును చేయవచ్చు. ఫ్రెట్ ఎత్తు సగానికి అరిగిపోయి ఉంటే మొత్తం కొత్తవి వేయించాలి. ఈ ఒక్క పని మిగతా బాగుచేతలన్నిటికంటే ఖర్చు. దాన్ని లెక్కలోకి తీసుకునే ధర మాట్లాడండి.

ఇక బ్రిడ్జ్. ఇది రెండు బోల్టులకు ఆనుకుని, కత్తి అంచులాంటి రెండు కొసల మీద ఊగుతుంది. ఆ అంచులు మొద్దుబారితే ఆర్మ్ వదిలాక శ్రుతి ఒకసారి పైనా ఒకసారి కిందా ఆగుతుంది. పరీక్ష తేలికే. శ్రుతి చూపే ట్యూనర్‌లో ఒక తీగ చూసుకోండి, ఆర్మ్ కిందికి నొక్కి వదిలి మళ్లీ చూడండి. ఆర్మ్ లేకపోతే బ్రిడ్జ్ వెనక అంచును చేత్తో పైకి లేపి వదిలినా సరే. నాలుగైదుసార్లు చేసినా ముల్లు ఒకేచోటికి వస్తే అంచులు బాగున్నట్టే. తీగలు తుప్పు పట్టి ఉన్నాయి కాబట్టి కొంచెం తేడా వచ్చినా క్షమించవచ్చు.

యాంప్‌కు తగిలించి ఒక చిన్న స్క్రూడ్రైవర్‌తో తీగల కింద శబ్దాన్ని పట్టే ప్రతి పికప్ మీదా మెల్లగా తట్టండి. టక్‌మని వినిపిస్తే ప్రాణం ఉన్నట్టే. ఏదైనా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే పికప్ చచ్చిపోయిందని వెంటనే అనుకోవద్దు, పికప్‌లను మార్చే స్విచ్‌ను పదిసార్లు అటూ ఇటూ తిప్పి మళ్లీ తట్టండి. నా గిటార్‌లో నెక్ పికప్ పనిచేయడం లేదని అమ్మినాయనే ఒప్పుకుని ధర తగ్గించాడు. ఇంటికొచ్చి చూస్తే స్విచ్ లోపల మకిలి తప్ప ఇంకేమీ లేదు. మీరు చెప్పిన నాబ్ గరగర కూడా నూటికి తొంభై పాళ్లు అలాంటిదే, ధర తగ్గించమని అడగడానికి తప్ప దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

కొన్నారనే అనుకుందాం. ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకుండా. ఇంటికి తేగానే ఆత్రంగా ఆరు తీగలూ ఒకేసారి కత్తిరించేశాను. బ్రిడ్జ్‌ను తీగలు ఒకవైపు, వెనక గుంటలోని స్ప్రింగులు రెండోవైపు లాగుతూ ఉంటాయి. తీగలు పోగానే స్ప్రింగులు దాన్ని ఒక్క ఊపున వెనక్కి గుంజాయి. దాని వెనక అంచు బాడీ మీద దిగి, గోరంత పెచ్చు లేచింది. అన్నేళ్లు ఎవరి చేతుల్లోనో చెక్కుచెదరని రంగుకు మొదటి గాయం నా చేతుల్లోనే అయింది. ఆ మచ్చ చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కాబట్టి ముందు బ్రిడ్జ్ వెనక అంచుకూ బాడీకీ మధ్య మెత్తటి గుడ్డ మడిచి సందు నిండేలా పెట్టండి. ఆ తర్వాతే తీగలు ఒక్కొక్కటిగా వదులు చేసి తీయండి. వెనక స్ప్రింగులు కూడా విప్పితే బ్రిడ్జ్ మొత్తం చేతికొస్తుంది.

బ్రిడ్జ్‌లో తీగను పట్టుకునే ఆరు శాడిల్స్ ఒకే ఎత్తులో ఉండవు. ఫ్రెట్లు ఉండే పలక (ఫ్రెట్‌బోర్డ్) గుండ్రానికి తగ్గట్టు నడిమివి ఎత్తుగా, చివరివి తక్కువగా ఉంటాయి. విప్పే ముందు ఫోటో తీసుకోండి, విప్పినవాటిని ఒక కాగితం మీద వరుస అంకెలు వేసి పెట్టండి. నేను అంకెలు వేయడం వల్లే బతికిపోయాను, మధ్యలో రెండు రోజులు పని ఆపాల్సి వచ్చింది మరి. చెమట ఉప్పుకు స్క్రూలు బిగుసుకుపోయి ఉంటాయి. బలం వాడకండి. స్క్రూ తలలో ఆరు పలకలు అరిగిపోతే దాన్ని బయటికి లాగడం నరకం. తుప్పు వదిలించే నూనె ఒక్క చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున కొత్త, అంచులు అరగని 3 మిల్లీమీటర్ల అలెన్ కీతో ప్రయత్నించండి. అప్పటికీ కదలకపోతే సోల్డరింగ్ ఐరన్ కొసను స్క్రూ తలకు ఒక నిమిషం ఆనించి, వేడిగా ఉండగానే తిప్పండి. నాకు ఆరింటిలో రెండు ఇలాగే ఊడాయి. క్రోమ్ పూత మీది తుప్పు చుక్కలకు అల్యూమినియం ఫాయిల్ ఉండ చుట్టి, నీళ్లలో ముంచి, మెల్లగా రుద్దితే చాలు. నల్ల పూత, బంగారు పూత ఉన్న బ్రిడ్జ్ మీద మాత్రం ఇది చేయవద్దు, పూతే పోతుంది.

స్టిక్కర్ల దగ్గర ఓపిక కావాలి. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో కాస్త దూరం నుంచి పట్టి, జిగురు మెత్తబడ్డాక పాత ప్లాస్టిక్ కార్డుతో అంచు లేపండి. మిగిలిన జిగురుకు నాఫ్తా, అంటే సిగరెట్ లైటర్లలో పోసే ద్రవం, గుడ్డకు అద్ది తుడవండి. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు, డ్రయ్యర్ వేడి పూర్తిగా చల్లారాకే సీసా మూత తీయండి. గుడ్డ బయట ఆరేశాకే పారేయండి. ముందుగా వెనక మూత కింద, కనపడని చోట ఒక చుక్కతో పరీక్షించడం మరవద్దు. థిన్నర్, అసిటోన్, గోళ్ల రంగు తుడిచే ద్రవం దరిదాపులకు కూడా రానీయకండి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

స్టిక్కర్ ఊడాక కింద కనపడేదానికి సిద్ధంగా ఉండండి. ఫ్లోరోసెంట్ రంగులు వెలుతురుకు తొందరగా వెలిసిపోతాయి. నా గిటార్ మీద నక్షత్రం ఆకారంలో స్టిక్కర్ తీస్తే కింద నక్షత్రం ఆకారంలోనే అసలు గులాబీ బయటపడింది, చుట్టూ ఉన్నది దాని పక్కన పాలిపోయి తేలింది. పికప్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం ఎత్తి చూస్తే అక్కడా అదే ముదురు రంగు. కొత్తలో ఎలా వెలిగిందో అప్పుడు చూశాను. సాన పట్టి అంతా ఒకలా చేద్దామని చాలా రోజులు తర్జనభర్జన పడ్డాను. కానీ ఈ రంగును తెల్లటి పూత మీద పల్చగా కొడతారు. పైన క్లియర్ కోటు దాటి గరుకు కాగితం లోపలికి దిగితే తెలుపు బయటపడుతుంది, వెనక్కి తెచ్చే దారి లేదు. అందుకే మానేశాను. చాలా మెత్తటి పాలిష్ గుడ్డతో, చేత్తోనే, పై మకిలి పోయేవరకు మాత్రమే రుద్దాను. నక్షత్రం అలాగే ఉంది, ఇప్పుడు అదే నాకు ఇష్టం. మీరు ఎలా చేయాలన్నది మీ ఇష్టం, కానీ ఏ కాగితం పెట్టి గీకే ముందైనా ఒక నెల దాన్ని అలాగే వాయించి చూడండి.

ఫ్రెట్‌బోర్డ్ ముదురు గోధుమరంగులో పూత లేకుండా ఉంటే బహుశా రోజ్‌వుడ్. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు ఫ్రెట్ల అంచున నల్లగా గట్టిపడి ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌కు కొంచెం నాఫ్తా అద్ది రుద్దితే వదులుతుంది. తర్వాత నిమ్మనూనె ఒక పల్చటి పూత పూసి, ఐదు నిమిషాల్లో పూర్తిగా తుడిచేయండి. లేత రంగులో పైపూత ఉన్న మేపుల్ అయితే తడి గుడ్డ చాలు, నూనె వద్దు. ఫ్రెట్లకు మెరుగు పెట్టడానికి చాలామంది ఉక్కు పీచు వాడమంటారు. నేను వద్దంటాను. రాలిన ఉక్కు రజను పికప్‌ల అయస్కాంతాలకు అంటుకుంటే పూర్తిగా వదిలించడం దాదాపు అసాధ్యం. సన్నని మైక్రోమెష్ గుడ్డ వాడండి, చెక్క మీద గీతలు పడకుండా ఫ్రెట్ల మధ్య టేపు వేయండి.

గరగరకు మందు కాంటాక్ట్ క్లీనర్ అనే స్ప్రే. వెనక మూత తీసి, పాట్ (నాబ్ కింద తిరిగే భాగం) లోపలికి ఉన్న చిన్న సందులో ఒకసారి కొట్టి నాబ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి ముప్ఫైసార్లు తిప్పండి. స్విచ్‌కూ అంతే. మూత తీసినప్పుడే 9 వోల్టుల బ్యాటరీ ఉందేమో చూడండి. కొన్ని పికప్‌లకు అది కావాలి, ఏళ్లుగా మరిచిపోతే కారి తెల్లటి పొడి కట్టి ఉంటుంది. చేతికి తొడుగు వేసుకుని, వెనిగర్ అద్దిన దూదితో తుడిచి ఆరనివ్వండి. తీగలు ముట్టుకోగానే గుర్రుమనే మోత తగ్గితే ఎర్త్ బాగుందని అర్థం. తగ్గకపోతే స్ప్రింగుల దగ్గర లోహపు పట్టీకి అతికించిన వైరు ఊడి ఉంటుంది, మళ్లీ సోల్డర్ చేస్తే సరి.

చివరగా కొత్త తీగలు. ముందున్న మందమే వేయండి, లేదంటే స్ప్రింగుల బిగువు మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. ఒక తీగ బిగిస్తే మిగతావి దిగుతాయి, అది లోపం కాదు. మూడు నాలుగు విడతలు తిరిగితే నిలబడుతుంది. అన్నీ శ్రుతిలో ఉన్నప్పుడు బ్రిడ్జ్ బాడీకి సమాంతరంగా ఉండాలి. వెనకకు వాలితే లేదా ముందుకు లేస్తే వెనక స్ప్రింగుల పట్టీ స్క్రూలను పావు చుట్టు చొప్పున సరిచేయండి. బ్రిడ్జ్ ఎత్తు మార్చేటప్పుడు బోల్టులను ఎప్పుడూ తీగల బిగువు మీద తిప్పకండి, కత్తి అంచులు అరిగేది ఎక్కువగా అక్కడే. తీగలను చేత్తో సాగదీసి, సన్న సర్దుబాటు స్క్రూలను సగంలో ఉంచి, అప్పుడు నట్ బిగించండి.

మీరు పెట్టిన ఫోటోలో ఆర్మ్ కనపడలేదు. అమ్మేవాళ్ల దగ్గర ఉందేమో అడగండి. లైసెన్సు మీద ఇతరులు చేసిన బ్రిడ్జ్‌లూ చాలా ఉన్నాయి, వాటి ఆర్మ్‌లు చాలాసార్లు ఒకదానివి ఇంకోదానికి పట్టవు. కొన్నింటి లోహం మెత్తన, అంచులు త్వరగా అరుగుతాయి. బ్రిడ్జ్ మీద చెక్కిన అక్షరాలను దగ్గర నుంచి ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, ఏది పడుతుందో చూసి చెబుతాను.