మెండెల్సన్ సంగీతంలో లోతు లేదా?

జర్మన్ స్వరకర్త మెండెల్సన్ సంగీతం చెవికి హాయిగా ఉంటుంది గానీ లోతు లేదంటారు, నిజమేనా, వినడం ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. లోతు లేదన్న మాట నేను ఒప్పుకోను. చిన్నప్పుడు కర్ణాటక వయొలిన్ నేర్చుకొని, పై చదువుకు జర్మనీలోని లైప్‌జిగ్ నగరానికి వెళ్ళి, అక్కడి కచేరీలకు అలవాటుపడిన శ్రోతగా చెబుతున్నాను.

ముందు ఆ మాట పుట్టుక చూడండి. ఫెలిక్స్ మెండెల్సన్ 1809లో హాంబర్గ్‌లో కలవారి యూదు కుటుంబంలో పుట్టారు. ఏడో ఏట బాప్తిస్మం ఇప్పించారు. ఆయన పోయిన మూడేళ్ళకు, 1850లో, మరో జర్మన్ స్వరకర్త రిచర్డ్ వాగ్నర్ మారుపేరుతో ఒక వ్యాసం రాశారు. ఎంత ప్రతిభ ఉన్నా యూదుడు కాబట్టి ఈయన సంగీతం గుండెను తాకలేదని అందులో తేల్చేశారు. నాజీల కాలానికి ఆ సంగీతం మీద నిషేధమే వచ్చింది. 1936లో లైప్‌జిగ్‌లోని ఆయన విగ్రహాన్ని రాత్రికి రాత్రే తొలగించారు. ఇప్పుడు థామస్ చర్చి దగ్గర కనిపించేది 2008లో నిలిపిన నకలు. 'లోతు లేదు' అని ఈ రోజు తేలిగ్గా అనేసేవారిలో చాలామందికి ఈ చరిత్ర తెలియదు.

వాద్యబృందాన్ని నడిపే కండక్టరుగా మెండెల్సన్ చేసినది మరీ పెద్దది. 1829లో, ఇరవయ్యేళ్ళ వయసులో, దాదాపు మరుగునపడిన, పాతతరం స్వరకర్త బాఖ్ రాసిన 'సెయింట్ మాథ్యూ ప్యాషన్' అనే బృందగాన రచనను బెర్లిన్‌లో మళ్ళీ వినిపించారు. 1835 నుంచి లైప్‌జిగ్ గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రా ఆయన చేతికి వచ్చింది. స్వరకర్త షూబర్ట్ పోయాక వియన్నాలో వ్రాతప్రతిగా పడి ఉన్న ఆయన సి మేజర్ సింఫనీని మరో స్వరకర్త షూమన్ వెలికితీస్తే, 1839లో దాన్ని తొలిసారి వినిపించినది మెండెల్సనే. పాత స్వరకర్తలను వరసగా పరిచయం చేస్తూ ప్రత్యేక కచేరీలు కూడా పెట్టారు. ఇవాళ మనం గతించినవారి రచనలు వినడానికే టికెట్టు కొంటున్నామంటే, ఆ అలవాటులో ఆయన వాటా తక్కువేమీ కాదు. లైప్‌జిగ్‌లో ఆయన కన్నుమూసిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అందులో ఒక గదిలో కండక్టరు కర్ర పట్టుకొని స్పీకర్లలోని వాద్యబృందాన్ని మనమే నడపవచ్చు. వేగం కాస్త పెంచితే చాలు, సంగీతం ముఖకవళికలే మారిపోతాయి. నాకు అక్కడినుంచి కదలబుద్ధి కాలేదు.

ఇక వినే సంగతి. మొదట ఇ మైనర్ వయొలిన్ కన్‌చెర్టో వినండి, అంటే ఒక్క వయొలిన్ ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన. 1838లో తలపెట్టి 1844లో ముగించారు. ఆర్కెస్ట్రా సుదీర్ఘంగా రంగం సిద్ధం చేయడం ఇందులో లేదు. రెండో బార్‌లోనే, అంటే తాళం రెండో చుట్టులోనే, వయొలిన్ అందుకుంటుంది. మొదటి భాగం అయ్యాక బసూన్ అనే ఊదే వాద్యం ఒక్క స్వరాన్ని వదలకుండా పట్టుకుంటుంది, చప్పట్లకు సందు దొరకదు. నన్ను పట్టేసింది మాత్రం కెడెంజా, అంటే ఆర్కెస్ట్రా ఆగి వయొలిన్ ఒంటరిగా వాయించే ఘట్టం. అప్పటి ఆనవాయితీలో అది భాగం చివర, వాద్యకారుడి మనోధర్మానికి వదిలే చోటు. మెండెల్సన్ దాన్ని ప్రతి స్వరమూ రాసిపెట్టి భాగం మధ్యకు తెచ్చారు. ఆ పరుగు ఆగకముందే ఆర్కెస్ట్రా మొదటి భాగపు అసలు బాణీని ఎత్తుకుంటుంది. అంతదాకా నాయిక అయిన వయొలిన్ ఇప్పుడు పక్కవాద్యం. మనోధర్మం మీద పెరిగిన నా చెవికి ముందు అభ్యంతరం అనిపించినా, ఆ మలుపు దగ్గర వాదన నిలవలేదు.

దాని తర్వాత నేరుగా ఎఫ్ మైనర్ స్ట్రింగ్ క్వార్టెట్‌కు, అంటే నాలుగు తంత్రీవాద్యాల రచనకు వెళ్ళండి. 1847 మేలో అక్క ఫానీ హఠాత్తుగా పోయింది. ఆమె కూడా స్వరకర్తే, ఆయనకు తొలి విమర్శకురాలు. ఆ వేసవిలో స్విట్జర్లాండులో కూర్చొని ఇది రాశారు. మొదటి బార్ నుంచే వణుకు, కోపం. ఓదార్పు కోసం వెతికితే మూడో భాగంలో కాసేపు దొరుకుతుంది, అంతే. నవంబరు 4న, 38 ఏళ్ళకే, ఆయనా వెళ్ళిపోయారు. మన త్యాగరాజస్వామి సిద్ధి పొందినదీ ఆ సంవత్సరం జనవరిలోనే.

పదహారేళ్ళకు రాసిన ఆక్టెట్, ఎనిమిది తంత్రీవాద్యాల రచన, మూడోది. పెళ్ళిళ్ళలో మోగే 'వెడ్డింగ్ మార్చ్' ఆయనదే, అది ఎలాగూ వినే ఉంటారు, దానితో మొదలుపెట్టకండి. 'ఇటాలియన్ సింఫనీ' ఎప్పుడు విన్నా సరే. అందరూ మెచ్చే ఆ రచనను ఆయన మాత్రం బాగా రాలేదని దిద్దుతూనే ఉండి, బతికుండగా అచ్చుకు ఇవ్వలేదు.