యంత్రం రాసింది, మనం దిద్దాలి

ప్రశ్న: పన్నెండేళ్లుగా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. ఇప్పుడు ఏజెన్సీలు యంత్రం చేసిన అనువాదాన్ని పంపి ‘కాస్త చూసిపెట్టండి’ అంటున్నాయి. రేటేమో సగానికి దిగింది. తీరా కూర్చుంటే టైము మాత్రం దాదాపు అంతే పడుతోంది. నేను నెమ్మదా, పనే అలాంటిదా? – ఓ అనువాదకురాలు

జవాబు: పనే అలాంటిదండి. పాతకాలం యంత్రానువాదం అడుగడుగునా తడబడేది. తప్పున్న చోట కన్ను దానంతటదే ఆగేది. 2017లో వాక్యంలోని మాటలన్నిటినీ ఒకదానితో ఒకటి పోల్చి చూసుకునే ‘ట్రాన్స్‌ఫార్మర్’ అనే పద్ధతి వచ్చాక తయారైన మోడళ్ల తెలుగు నున్నగా ఉంటుంది. వాటి తప్పు కూడా అంతే నున్నగా ఉంటుంది. ఒట్టి తెలుగు చదువుకుంటూ పోతే అది దొరకదు. మూలం పక్కన పెట్టుకుని వెతకాల్సిందే.

ఉదాహరణకు, ఓ సంస్థ ఖాతాదారులకు రాసిన ఉత్తరంలో ‘వుయ్’ ఉందనుకుందాం. యంత్రం ‘ఈ శాఖను మూసేయాలని మనం నిర్ణయించాం’ అని రాస్తుంది. వ్యాకరణంలో వంక పెట్టలేం. కానీ మూసేది వాళ్లు, ఇబ్బంది పడేది ఉత్తరం అందుకున్నవాళ్లు. ‘మేము’ ఉండాల్సిన చోట ‘మనం’ పడి, ఖాతాదారు కూడా ఆ నిర్ణయంలో చేయి వేసినట్టయింది. ఇంగ్లీషులో ఆ తేడాయే లేదు కాబట్టి యంత్రం ఊహించక తప్పదు. ‘అంకుల్’ అంటే బాబాయా, మావయ్యా? డాక్టర్ ‘వచ్చాడా’, ‘వచ్చిందా’? అన్నీ ఊహలే. ఇంకోటి: పొడుగాటి ఫైలును చాలా సాఫ్ట్‌వేర్లు ముక్కలుగా కోసి మోడల్‌కు పంపుతాయి. ఒక ముక్కలో ఏముందో రెండోదానికి తెలియదు. అందుకే మొదటి పేజీలో అత్తగారిని ‘మీరు’ అన్న కోడలు నాలుగో పేజీకొచ్చేసరికి ‘నువ్వు’ అనేస్తుంది.

దిద్దడానికి ఒక వరస పెట్టుకోండి. ముందు మూలం ఒక్కటే చదివి పేర్లు, పారిభాషిక పదాలు ముప్పై నలభై రాసుకోండి. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో కూడా ఆ కాగితం మీదే ఉండాలి. మొదటి విడతలో అంకెలు, పేర్లు, ‘కాదు–లేదు’లు తప్ప ఇంకేమీ చూడొద్దు. 1.5 మిలియన్ అంటే 15 లక్షలు, 2 బిలియన్ అంటే 200 కోట్లు. సున్నాలు జారేది ఇక్కడే. ‘అన్‌లెస్’ ఉన్న వాక్యం తలకిందులైందేమో ఆగి చూడండి. రెండో విడతలో మేము–మనం, మీరు–నువ్వు, ఆడ–మగ. మూలం మూసేసి తెలుగును పైకి చదవడం ఆఖరున. ‘చేయబడింది’, ‘కలిగి ఉంది’ లాంటివి కంటికి తప్పించుకున్నా చెవికి తగులుతాయి. అందరూ ఈ ఆఖరి పనితో మొదలుపెడతారు. కానీ భాష బాగుపడ్డాక తప్పు ఇంకా బాగా దాక్కుంటుంది.

రేటు సంగతికొస్తే, ఒకే ఫైల్లోంచి 500 పదాల చొప్పున రెండు ముక్కలు తీసుకుని ఒకటి సొంతంగా చేయండి, ఒకటి దిద్దండి. గడియారం పెట్టి రెండు టైములూ రాయండి. కరపత్రానికీ కథకూ తేడా బాగా వస్తుంది గనక రకానికోసారి చేయాలి. దిద్దే టైము సొంతంగా చేసే టైములో మూడింట రెండొంతులు దాటితే ఆ రకం పనిని పదాల లెక్కన ఒప్పుకోకండి, గంటల లెక్కన అడగండి. ఆ కాగితం చూపించి అడిగితే మాట చెల్లుతుంది. వారానికి ఒక పేజీ అయినా యంత్రం లేకుండా అనువదించండి. పనిలో ఎక్కువ భాగం యంత్రానికి పోయినప్పుడు మనిషికి మిగిలేవి కష్టమైన ముక్కలేననీ, వాటికి కావలసిన సాధన కూడా అప్పుడే తగ్గిపోతుందనీ 1983లోనే లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశారు. ఆవిడ రాసింది కర్మాగారాల కంట్రోల్ రూముల గురించి. మీ బల్లకు కూడా అతికినట్టు సరిపోతుంది.

ప్రశ్న: ఇంటర్వ్యూలు ఫోన్లో రికార్డు చేసి సాఫ్ట్‌వేర్‌తో రాతలోకి మారుస్తున్నాను. ఒకచోట ఎవరూ అనని ‘చూసినందుకు ధన్యవాదాలు’ అనే వాక్యం వచ్చింది. ఇంకోచోట ఒకే వాక్యం ఏడుసార్లు! ఫోనుదా లోపం? – ఓ విలేకరి

జవాబు: ఫోనుది కాదు, నిశ్శబ్దానిది. మాటను రాతగా మార్చే విస్పర్ లాంటి మోడళ్లకు నేర్పడానికి ఇంటర్నెట్‌లో రాతతో సహా దొరికిన ఆడియోను గుట్టలుగా వాడారు. వీడియోల చివర మాట ఆగిపోయి సంగీతం మోగే చోట సబ్‌టైటిల్లో ఏముంటుందో తెలుసుగా! అందుకే మీ అతిథి మంచినీళ్లు తాగడానికి ఆగితే యంత్రం ధన్యవాదాలు చెప్పేస్తుంది. ఖాళీని ఖాళీగా వదలడం దానికి సరిగా చేతకాదు. ఒకే వాక్యం మళ్లీ మళ్లీ రావడమూ ఆ కోవలోదే. తాను అంతకుముందు రాసినదాన్ని చూసుకుంటూ తర్వాతి మాట రాస్తుంది కాబట్టి ఒకసారి గాడిలో పడితే అక్కడే తిరుగుతుంది.

మందు ఏమిటంటే, మాటలేని భాగాల్ని ముందే కత్తిరించడం. చాలా సాఫ్ట్‌వేర్లలో ‘వాయిస్ యాక్టివిటీ డిటెక్షన్’ అనే మీట ఉంటుంది, అది ఆన్ చేయండి. ఫోను మాట్లాడేవారికి జానెడు, మహా అయితే మూరెడు దూరంలో ఉండాలి. బల్ల మీద నేరుగా కాకుండా మడత పెట్టిన తువ్వాలు మీద పెట్టండి. లేకపోతే కప్పు పెట్టిన చప్పుడు కూడా మాటగా మారుతుంది. ఫ్యాను గాలి మైకుకు తగలకూడదు. చప్పుడు తగ్గించే ఫిల్టర్‌ను మరీ ఎక్కువగా పెడితే గోల పోతుంది గానీ దానితోపాటు స, శ, ఫ లాంటి అక్షరాలు కూడా కొట్టుకుపోతాయి. శుద్ధి చేసిన రికార్డు కన్నా గోలతో ఉన్న అసలు రికార్డే ఒక్కోసారి మెరుగ్గా వస్తుంది, రెండూ పెట్టి చూడండి.

భాషను ‘ఆటో’లో వదలకండి, తెలుగు అని మీరే ఎంచండి. విస్పర్ ఆడియోను 30 సెకన్ల ముక్కలుగా వింటుంది. ఏ భాషో మొదటి ముక్కను బట్టి తేల్చేస్తుంది. మీరు ‘హలో సర్, గుడ్ మార్నింగ్, థాంక్యూ ఫర్ యువర్ టైమ్’ అని మొదలుపెట్టారా, తర్వాత గంటసేపు నడిచిన తెలుగంతా ఇంగ్లీషు అనుకునే ప్రమాదం ఉంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఒకరి మాట గల్లంతవుతుంది. దానికి యంత్రంలో మందు లేదు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటమే. సరిచూసేటప్పుడు ఆగిన చోట్లు, అంకెలు, పేర్లు, ‘అన్నాను–అనలేదు’లు ఆడియోతో పోల్చండి. కోట్ చేయబోయే ప్రతి వాక్యాన్నీ చెవితో వినాలి, ఇందులో మినహాయింపు లేదు. రాత వచ్చింది కదాని అసలు రికార్డు తుడిచేయొద్దు.

ప్రశ్న: పుస్తకాల ముఖచిత్రాలు వేస్తాను. ఏఐ బొమ్మను ఆధారంగా తీసుకుంటే తెర మీద అద్భుతంగా ఉంటోంది, అచ్చులో పేలవంగా వస్తోంది. తెలుగు అక్షరాలైతే ఘోరం. పైగా ఆ బొమ్మ మీద హక్కు నాదేనా? – ఓ చిత్రకారుడు

జవాబు: ముందు లెక్క. ఏ4 కాగితం నిండా అచ్చుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 2480×3508 పిక్సెళ్లు కావాలి. చుట్టూ కోతకు వదిలే 3 మిల్లీమీటర్లు దీనికి అదనం. మీ చేతికొచ్చిన బొమ్మ 1024×1024 అయితే అది శుభ్రంగా అచ్చయ్యేది సుమారు 8.7 సెంటీమీటర్ల చదరంలోనే. దాన్ని సాగదీసే సాఫ్ట్‌వేర్ లేని వివరాల్ని కల్పిస్తుంది. చీర అంచులో డిజైను ఒక పక్క మామిడి పిందెలూ ఇంకో పక్క ముద్దలూ అయ్యేది అందుకే. తెర రంగులు ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు), అచ్చు రంగులు సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు). మెరిసే నీలం, చిలకపచ్చ సిరాలో దొరకవు. అందుకని చివర్లో కాదు, రంగులు ఎంచేటప్పుడే ప్రెస్సువాళ్లిచ్చిన రంగుల ప్రొఫైల్ పెట్టి ‘సాఫ్ట్ ప్రూఫ్’ (అచ్చులో ఎలా వస్తుందో తెర మీదే చూపే నమూనా) చూసుకోండి.

అక్షరాలు యంత్రంతో రాయించనే వద్దు. ఫాంటులో ‘స్త్రీ’ అనే అక్షరం స, త, ర, ఈకారం వరసగా వచ్చి నియమం ప్రకారం కూడుకుంటుంది. బొమ్మ మోడల్‌కు అదొక ఆకారం, అంతే. ఒత్తు ఎక్కడ వేలాడాలో దానికి చెప్పే నియమం ఉండదు. పుస్తకం పేరు విడిగా, ఎంత పెద్దది చేసినా చెదరని వెక్టర్ పొరలో పెట్టుకోండి.

హక్కు విషయం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో మాత్రం మనిషి సృజన ఉన్నంత మేరకే కాపీరైట్. 2023 ఫిబ్రవరిలో అక్కడి కాపీరైట్ ఆఫీసు ఓ కామిక్ పుస్తకంలో మనిషి రాసిన మాటలకూ, బొమ్మల్ని అమర్చిన తీరుకూ రిజిస్ట్రేషన్ ఉంచి, యంత్రం గీసిన బొమ్మలకు తీసేసింది. అందుకని మీ పెన్సిల్ స్కెచ్, పొరలు కలిపేయని ఫైలు, మధ్యమధ్య సేవ్ చేసినవి తారీఖులతో దాచండి. ‘ఇది నా చేయి’ అని చూపించాల్సి వస్తే అవే సాక్ష్యం. ప్రచురణకర్తకు ఏఐ వాడిన సంగతి ఒప్పందానికి ముందే చెప్పండి.

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం. ఏ ఉద్యోగం పోకుండా ఉంటుందో చెప్పండి. – ఓ విద్యార్థి

జవాబు: ఉద్యోగం పేరు చూసి ఎవరూ చెప్పలేరు బాబూ, చెబితే నమ్మకు. ఏ ఉద్యోగమైనా ఇరవై ముప్పై చిన్న పనుల మూట. నువ్వు కోరుకునే పనిలో ఉన్నవాళ్లను అడిగి వాళ్ల వారం పనుల జాబితా రాయి. ఒక్కోదాని పక్కన మూడు ప్రశ్నలు: ఫలితం సరైందో కాదో తేల్చడానికి ఎంతసేపు? తప్పయితే నష్టం ఎంత? సంతకం ఎవరిది? తేల్చడం తేలికై, నష్టం తక్కువైతే అది ముందు యంత్రానికి పోతుంది. 1979లో విజికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ వచ్చినప్పుడు ఒక అంకె మారితే మొత్తం పట్టీ మళ్లీ కూడే పని పోయింది. ఏ అంకె పెట్టాలో, ఎందుకు పెట్టాలో చెప్పే పని పోలేదు. చిక్కెక్కడంటే, కొత్తగా చేరినవాళ్లు పని నేర్చుకునేది ఆ కూడికల దగ్గరే. కాబట్టి యంత్రం ఇచ్చిన జవాబును చేత్తో మళ్లీ చేసి చూసే అలవాటు ఇప్పుడే చేసుకో.

ప్రశ్న: నా గొంతుతో మా నాన్నగారికి ఎవరో ఫోన్ చేసి డబ్బు అడిగారు. అచ్చం నాలాగే ఉందట. ఎలా గుర్తుపట్టాలి? – ఓ పాఠకురాలు

జవాబు: విని గుర్తుపట్టాలని చూడొద్దు. కొద్ది సెకన్ల నమూనా చాలు గొంతును అనుకరించడానికి. ఫోన్ తెర మీద కనపడే నంబరును కూడా మార్చి చూపించగలరు. నాన్నగారు చేయాల్సింది ఒకటే: ఫోను పెట్టేసి, తన దగ్గరున్న మీ నంబరుకు తానే చేయడం. ఇంట్లోవాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఒక గుర్తుమాట అనుకోండి. పెంపుడు కుక్క పేరూ, పుట్టిన ఊరూ వద్దు, అవి సోషల్ మీడియాలో దొరుకుతాయి. మాట గుర్తుండి కూడా ‘బిడ్డ ఏడుస్తుంటే ఏం అడుగుతాం’ అని ఆగిపోతారు పెద్దవాళ్లు. అందుకే ఒకసారి మీరే ఏడుస్తూ ఫోన్ చేసి, ఆయన చేత అడిగించండి.

ప్రశ్న: కొత్త రౌటర్ పెట్టాక స్మార్ట్ బల్బులేవీ కలవడం లేదు.

జవాబు: పాత రౌటర్‌లో ఉన్న వైఫై పేరు, పాస్‌వర్డే కొత్తదానికీ పెట్టండి. సగం అక్కడే తీరిపోతుంది. మిగిలినవాటికి: బల్బుల్లో చాలావాటికి వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు ఒక్కటే తెలుసు. బల్బును చేర్చేంతసేపూ 5 గిగాహెర్ట్జ్ ఆపండి. రౌటర్ సెట్టింగుల్లో వైఫై భద్రత ‘డబ్ల్యూపీఏ3 మాత్రమే’ అని ఉంటే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన పద్ధతికి మార్చండి. ఈలోగా గోడ మీద స్విచ్ ఉంది కదా.