ముందు తెగుతున్నది ఎక్కడో చూడు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ల్యాప్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ తెగిపోతోందనీ, రౌటర్‌ను ఆపి మళ్లీ వేస్తే కాసేపు బాగుండి తిరిగి మొదటికే వస్తోందనీ, ఇక కొత్త రౌటర్ కొనేస్తాననీ రాశావు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా కొనవద్దు. నెట్‌వర్కుల పనిలోనే ఇన్నేళ్లు గడిపిన నేను కూడా ఒకప్పుడు ఇంట్లో ఇదే అవస్థ పడి, కనెక్షన్ ఇచ్చినవారిని రెండు నెలలపాటు తిట్టుకున్నాను. తీరా చూస్తే దోషం నా బల్ల మీదే ఉంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇంటర్నెట్ నీ తెర మీదికి రెండు అంచెల్లో వస్తుంది. బయటినుంచి రౌటర్ దాకా ఒకటి, రౌటర్ నుంచి గాలిలో ల్యాప్‌టాప్ దాకా మరొకటి. ఏది తెగినా పేజీ తెరుచుకోదు కనుక, చాలామంది ఒక అంచెలో జబ్బు ఉంటే రెండో అంచెకు మందు వేస్తారు. ఈసారి తెగినప్పుడు, ఏదీ ఆపకుండా, ముందు ఫోన్‌ను అదే వైఫైలో చూడు. మొబైల్ డేటా ఆపి చూడాలి సుమా, లేకపోతే ఫోన్ గుట్టుగా దానిమీదికి మారి నిన్ను మోసం చేస్తుంది. ఫోన్‌లో బాగా నడుస్తూ ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఆగితే, రౌటర్ మీద అనుమానం చాలావరకు తగ్గినట్టే.

ఇంకా కచ్చితంగా తెలియాలంటే విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ కిటికీ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని టైపు చెయ్యి. డీఫాల్ట్ గేట్‌వే అని చూపించే అంకెలే నీ రౌటర్ చిరునామా, సాధారణంగా 192.168.1.1 లాగా ఉంటుంది. ఒక కిటికీలో ఆ చిరునామాకు, మరో కిటికీలో గూగుల్ సర్వర్ చిరునామా అయిన 8.8.8.8 కు పింగ్ (ping, అవతలి యంత్రం జవాబిస్తోందా అని అడిగే ఆదేశం) పెట్టి, అది ఆగకుండా నడిచేందుకు చివర హైఫన్ టి (-t) చేర్చి, రెండింటినీ పక్కపక్కనే నడవనివ్వు. రౌటర్ నుంచి కొద్ది మిల్లీసెకన్లలో జవాబు వస్తూ రెండోది మాత్రమే ఆగిపోతే తప్పు బయటి లైనుది. రౌటర్ జవాబే వందల మిల్లీసెకన్లకు ఎగిరినా, అసలు రాకపోయినా, దోషం ఇంట్లోని గాలిలోనో ల్యాప్‌టాప్‌లోనో ఉంది. రెండూ నిలకడగా ఉండి పేజీలు మాత్రమే తెరుచుకోకపోతే, సైట్ల పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్‌ను అనుమానించాలి. తెగిన సమయాలను కాగితం మీద రాసిపెట్టుకో.

దోషం గాలిలోనే అని తేలితే మొదట బ్యాండ్, అంటే వైఫై వాడే రేడియో తరంగాల శ్రేణి, ఏదో చూడు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ దూరం పోతుంది, గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది, కానీ అక్కడ రద్దీ ఎక్కువ: చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లు, బ్లూటూత్ పరికరాలు, చివరికి మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ దారినే వాడుకుంటాయి. అందులోని చిన్న దారులైన ఛానళ్లలో ఒకదానిపై ఒకటి పడనివి 1, 6, 11 మాత్రమే కాబట్టి, రౌటర్ సెట్టింగుల్లో ఆ మూడింటిలో తక్కువ రద్దీ ఉన్నదాన్ని ఎంచుకుని ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు దించు. రౌటర్ ఉన్న గదిలోనే కూర్చునేటట్టయితే 5 గిగాహెర్ట్జ్ మేలు. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే కొన్ని ల్యాప్‌టాప్‌లు బలహీనమైనదాన్నే పట్టుకుని వేలాడతాయి కనుక, పరీక్ష జరిగినన్నాళ్లూ వేర్వేరు పేర్లు పెట్టు.

ఇక నా కథ. ల్యాప్‌టాప్ పక్కనే యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ పెట్టుకుని పనిచేసేవాణ్ణి. డిస్క్ పనిలో ఉన్నప్పుడల్లా వైఫై నీరసించేది. యూఎస్‌బీ 3.0 కేబుళ్లు, కనెక్టర్లు పుట్టించే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ మీదా పడుతుందని అప్పటికి నేను పట్టించుకోలేదు. పొడవైన కేబుల్‌తో డిస్క్‌ను అవతలికి జరపగానే అంతా కుదురుకుంది. నీ బల్ల మీద యూఎస్‌బీ డాక్ గానీ హబ్ గానీ ఉంటే, వాటిని తీసి ఒక పూట నడిపి చూడు.

ఫోన్ బాగుండి ల్యాప్‌టాప్ ఒక్కటే మొరాయిస్తుంటే, డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ తెరిచి, విద్యుత్తు ఆదా కోసం దాన్ని ఆపే అనుమతి అక్కడ కనిపిస్తే తీసెయ్యి. కాస్సేపు వదిలేసి వచ్చాక తెగి ఉండటం తరచుగా దీనివల్లే. తర్వాత ల్యాప్‌టాప్ తయారీదారు సైటులోని డ్రైవర్, అంటే ఆ అడాప్టర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, వెయ్యి. ఒక అప్‌డేట్ తర్వాతే ఈ గొడవ మొదలైతే, పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్లు. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యి, దాని మీద ఒక రోజు గడవనివ్వు. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

బయటి లైనుదే తప్పని తేలితే, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి మళ్లీ పింగ్ నడుపు. కేబుల్ మీదా అదే తీరున తెగితే, రాసిపెట్టుకున్న సమయాలతో కనెక్షన్ ఇచ్చినవారికి ఫోన్ చెయ్యి. వైఫై సరిచూసుకోండి అనే మాటతో వాళ్లు నిన్ను తిప్పి పంపలేరు. ఆ కాగితం ఫొటో తీసి నాకూ పంపు.

ఇట్లు,
నీ పెదనాన్న